పైడమ్మ గారి గుమ్మం ముందు సముద్రం

క్యాంప్ వన్, ఆదివారం పొద్దున

రాయి లేచి అంచు మీద నిలబడింది.

గడ్డపారలు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే బిగుసుకుపోయారు. కింద పరిచిన పాత స్కూటర్ టైర్లు ఒకసారి కిర్రుమని ఊరుకున్నాయి. నవారు మంచమంత పలక, బెత్తెడు మందం. ఎన్నో ఏళ్లుగా మట్టిని కరుచుకుని పడుకున్న దాని అడుగుభాగం మొదటిసారి ఎండ చూసింది. నల్లటి బురద, గడ్డి వేళ్లు, బెదిరిపోయి చుట్ట చుట్టుకున్న రోకలిబండ పురుగులు. ఇంకేమీ కనిపించలేదు.

"నీళ్లు," అన్నారు విక్టర్ గారు.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆ సందులో ఆ రాయిని అందరికంటే గట్టిగా నమ్మనిది ఆయనే. అందుకే నీళ్లు పోసే పని ఆయనకే ఇవ్వాలని ముందే అనుకున్నారు. ఇంటావిడ పైడమ్మ గారు ఇత్తడి చెంబు అందించారు. మొదటి చెంబుకు బురద జారింది. రెండో చెంబుకు బూడిదరంగు రాయి బయటపడింది. విక్టర్ గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, మూడో చెంబును పైనుంచి సన్నటి ధారగా వదిలారు.

తడి పాకిన దారిలో ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు పైకి తేలాయి. క్యాబేజీని అడ్డంగా కోస్తే కనిపించే పొరల్లాంటివి.

"ఇటు కూడా ఉన్నాయి!" అని అరిచింది రోహిణి. దుర్గ్‌లో కాలేజీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పే అమ్మాయి. ఆ పొద్దున చున్నీ నడుముకు బిగించి, మగవాళ్లతో సమానంగా గడ్డపార పట్టుకుంది.

 విక్టర్ గారు తడిసిన వలయం మీద వేలు పెట్టి గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నారు. నేను మాత్రం చిన్నపిల్లలా ఎగిరాను. ఎంత పెద్ద వార్త వచ్చినా కనుబొమ్మ కదపదని పత్రికాఫీసులో నాకు పేరు. ఆ పేరు ఆ సందులో పోయింది.

పాత బండరాయిని తిరగేస్తే ఇంత సంబరం దేనికో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

దుర్గ్: పోహా మీద జిలేబీ

అసలు నన్ను భిలాయి రప్పించింది ఒక వీడియో. మా పినతల్లి కొడుకు సూర్యం అక్కడ ఉక్కు కర్మాగారంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. "అక్కా, మా ఊరి కొత్త నాటకం చూడు," అని పంపాడు. మొదట గులాబీరంగు ఆకాశం, దాని కింద పచ్చటి సముద్రం, నీళ్లలో గుండ్రటి దిబ్బలు. ఆ తరువాత క్యాంప్ వన్ అనే పాత కాలనీలో ఒక ఇంటి గుమ్మం ముందున్న రాయి, దాని మీద తెల్లటి వలయాలు. ఇది ఒకప్పటి సముద్రపు అడుగు, చేపలు కూడా పుట్టని కాలంలో ప్రాణమున్న జీవులు కట్టిన రాయి అని ఒక అమ్మాయి గొంతు చెబుతుంది. కింద జనం రాసినదంతా ఒకటే మాట. ఏఐ హై. ఇది ఏఐ. సముద్రం ఏఐ, రాయి ఏఐ, ఆ మేడమ్ కూడా ఏఐ.

ఏ ఫొటో వేయాలి, ఏది వేయకూడదు అని తేల్చే బల్ల దగ్గర నా ఉద్యోగం చాలాకాలం గడిచింది. అందుకేనేమో, ఆ రాయి నన్ను నిద్రపోనివ్వలేదు. వెళ్లి చూసొద్దామనిపించింది. విశాఖ నుంచి రైలు నేరుగా భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ చేరుస్తుంది కాబట్టి ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేకపోయింది.

దుర్గ్ జంక్షన్ బయట పొద్దున్నే చలి. కోర్టు పనుల మీద వచ్చినవాళ్లు ఫైళ్లు చంకలో పెట్టుకుని టిఫిను బండి చుట్టూ నిలబడ్డారు. ప్లేటు పోహా ఇరవై రూపాయలు. మన అటుకుల ఉప్మాకు చుట్టమే గాని పైన సన్నకారప్పూస, పచ్చి ఉల్లిపాయ చల్లుతారు. పక్కనే వేడి జిలేబీ పెడతారు. తీపి ఆఖర్న తినేది కదా అని పక్కకు పెట్టుకున్నాను. బండి అతను ఊరుకోలేదు.

"అమ్మాజీ, అలా కాదు. జిలేబీ ముక్క, పోహా, రెండూ ఒకే ముద్దలో," అన్నాడు హిందీలో.

అలాగే తిన్నాను. ఇన్నేళ్లూ విడివిడిగా తిన్న నోరు ఒక్క నిమిషం తికమకపడి, తరువాత ఇంకో ప్లేటు అడిగింది.

అతనికి ఫోన్లో రాయి చూపించాను. గరిటె ఆపకుండానే ఓ చూపు విసిరాడు.

"ఏఐ హై, అమ్మాజీ."

"ఎలా తెలిసింది?"

"ఎలా తెలియడమేముంది? బాగుంది కదా. ఈ మధ్య బాగున్నదంతా ఏఐయే." పక్కనున్న నల్లకోటు ఆయన నవ్వి, "ఇతని పోహా కూడా బాగుంది. జాగ్రత్త," అన్నాడు.

రుఆబాంధా: సాంబారులో ఈగ

సూర్యం ఇల్లు టౌన్‌షిప్ చివర రుఆబాంధాలో. వెడల్పు రోడ్లు, చెట్లు, క్వార్టర్ల ముందు మునగ, కరివేపాకు. ఎక్కడ మునగచెట్టు కనిపిస్తే అక్కడ మనవాళ్లున్నట్టని సూర్యం లెక్క. మరదలు పద్మ మధ్యాహ్నం ఆవపెట్టిన అరటికాయ కూరతో పాటు ఫరా చేసింది. అన్నం, బియ్యప్పిండి కలిపి వేళ్లలా చేసి ఆవిరి మీద ఉడికించి, ఆవాలు, నువ్వులతో పోపు పెడతారు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ నేర్పిందట. "ఆవిడకి నేను దిబ్బరొట్టె నేర్పాను వదినా. ఆవిడది నాకంటే బాగా వస్తుంది. చెప్పకండేం," అంది.

నేను రాయి సంగతి ఎత్తగానే సూర్యం చిరుత కథ మొదలుపెట్టాడు.

కొన్నాళ్ల కిందట క్యాంప్ వన్ నీళ్ల ట్యాంకు దగ్గర చిరుత తిరుగుతున్నట్టు వీడియో ఒకటి వచ్చింది. విక్టర్ గారు దాన్ని తెలిసినవాళ్లందరికీ పంపారు. అంతటితో ఆగక, పాత గార్డు విజిల్ మెడలో వేసుకుని సందుసందూ తిరిగి తలుపులేయించారు. పాలవాడు రాలేదు, బడి ఆటోలు రాలేదు. చివరికి ఎవరో వీడియోను ఆపి చూస్తే, చిరుత వెనక ఉన్న దుకాణం బోర్డు మీది అక్షరాలు హిందీ కావు, తెలుగు కావు, లోకంలో ఏ భాషా కాదు.

"అప్పట్నుంచి ఆయన్ని చీతా అంకుల్ అంటారక్కా. ఆయన మొహం మీదే అంటారు. ఇంక ఆ సందువాళ్లు చంద్రుణ్ణి చూపించినా ఏఐ అంటారు."

సాయంత్రం, సూర్యం పిలిస్తే, ఆ వీడియోలో గొంతు వినిపించిన రోహిణి స్కూటరు మీద వచ్చింది. ముప్పై దాటి ఉండదు. తాత కర్మాగారం కట్టేరోజుల్లో విజయనగరం వైపు నుంచి వచ్చాడట. ఈ అమ్మాయి పుట్టి పెరిగింది ఇక్కడే. తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని హిందీలో ముగిస్తుంది.

"ఆ సముద్రం బొమ్మ నేనే చేయించాను ఆంటీ, ఏఐతో," అంది కూర్చుంటూనే. "జనానికి రాయి చూపిస్తే బోర్ కొడుతుంది కదా అని. నేను దానికింద రాశాను కూడా, ఊహాచిత్రం అని. చిన్న అక్షరాల్లో. లేకిన్ కౌన్ పఢ్‌తా హై?"

"సాంబారులో ఈగ పడింది, తీసేశాను, ఇప్పుడు తినండి అంటే తింటారేటమ్మా?" అన్నాడు సూర్యం.

"అంకుల్, రాయి అసలైనది!"

"సాంబారు కూడా అసలైనదే."

రోహిణి నవ్వలేదు. ఆ సందులో మురుగు కాలువ కొత్తగా కడుతున్నారు. ఇళ్ల ముందున్న పాత పలకలన్నీ పగలగొట్టి సిమెంటు పలకలు వేస్తారు. పని సోమవారం మొదలు. ఈ ఒక్క రాయిని వదిలిపెట్టమని ఆమె వార్డు సూపర్‌వైజర్ని అడిగింది. ఆయన ఫోన్లో వీడియో తెరిచి, కింద జనం రాసింది చూపించాడట. మేడమ్, ఆ సందువాళ్లే నమ్మడం లేదు, వాళ్లంతా నిజమని చెబితే అప్పుడు పైవాళ్లని అడుగుతాను అన్నాడట.

"సోమవారం సుత్తి పడుతుంది ఆంటీ. పడితే అది నా వల్లే. నేను ఆ సముద్రం పెట్టకుండా ఉంటే కనీసం ఎవరైనా వచ్చి చూసేవాళ్లు."

నందిని రోడ్డు: బకెట్ అచ్చు

మర్నాడు సూర్యం కారులో ముగ్గురం ఉత్తరంగా నందిని రోడ్డు పట్టుకుని వెళ్లాం. అటువైపంతా సున్నపురాయి నేల. ఇనుము కరిగించే కొలిమికి ఈ రాయే కావాలి. వాడకం ఆపేసిన ఒక పాత క్వారీ గుంటలో నీళ్లు నిండి నీలంగా ఉన్నాయి. దాని ఒడ్డున నిలబడి రోహిణి చెప్పడం మొదలుపెట్టేసరికి, నిన్నటి దిగులు మొహం ఏమైందో తెలియలేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఇక్కడ లోతులేని వెచ్చటి సముద్రం ఉండేది. వంద కోట్ల ఏళ్ల కిందట, ఇంకా ముందే కావచ్చు. అప్పటికి చెట్టు లేదు, పురుగు లేదు, చేప లేదు. కంటికి కనిపించని నాచులాంటి జీవులు జిగురు చాపల్లా నీటి అడుగున పరుచుకుని ఉండేవి. అలలు తెచ్చిన సున్నపు బురద ఆ జిగురుకు అంటుకునేది. వెలుతురు అందక ఆ జీవులు పైకి పాకి ఇంకో చాప పరిచేవి. దాని మీద మళ్లీ బురద. అలా పొర మీద పొర పెరిగి దిబ్బలయ్యాయి, దిబ్బలు రాళ్లయ్యాయి. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు. ఎముక దొరకదు, ఆకు అచ్చు దొరకదు. ఆ జీవుల పని మాత్రమే మిగిలింది. చీమ కనిపించకపోయినా పుట్ట కనిపించినట్టు.

"అంటే నౌకరీ అంతా నేను కొలిమిలో పోయించింది ఇదేనా?" అన్నాడు సూర్యం. "మాకు ఇందులో సిలికా ఎంత, మెగ్నీషియా ఎంత, అంతే పట్టేది."

"రాయే కాదు అంకుల్. కొలిమిలోకెళ్లే ఇనప ఖనిజం ఉంది చూడండి, అది ఇంకా పాత సముద్రాలది. ఇలాంటి జీవులు వదిలిన ప్రాణవాయువు నీళ్లలోని ఇనుముకి తగిలి, తుప్పులా అడుక్కి దిగిపోయింది. అలా తయారైందని మా వాళ్లు చాలామంది అంటారు. మీ కర్మాగారంలో ఇటు పోసేది వీటి పనే, అటు పోసేది వీటి చుట్టాల పనే."

సూర్యం వంగి ఒక సున్నపురాయి ముక్క ఏరుకున్నాడు. తరువాత ఫోన్ తీసి, "పద్మా, నీకో సంగతి చెప్తాను విను," అంటూ పక్కకు నడిచాడు. మా కర్మాగారం చేసే రైలు పట్టాలు నాచు పెట్టిన భిక్ష అని అతను అరుస్తుంటే క్వారీ గోడలు తిరిగి పలికాయి.

నాకూ పూనకం వచ్చింది. వలయాలున్న రాయి నేనే వెతికి పట్టుకోవాలని బయల్దేరాను. దొరికింది కూడా. గుండ్రటి బిళ్ల, లోపల ఒకదానిలో ఒకటి చక్కటి వలయాలు. రెండు చేతులా ఎత్తుకుని, చీరంతా సున్నం పూసుకుని తెచ్చి ఇచ్చాను. రోహిణి తిప్పి చూసింది. పెదవి బిగబట్టింది.

"ఆంటీ... ఇది బకెట్ అడుగు. ఎవరో కలిపిన సిమెంటు మిగిలిపోయి గట్టిపడింది."

సూర్యం అక్కణ్ణుంచి కారు దాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ బిళ్లను నేను పారేయలేదు. ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది.

క్యాంప్ వన్: ఆ గీత ఎవరిది

శనివారం మధ్యాహ్నం క్యాంప్ వన్‌కు వెళ్లాం. కర్మాగారం కట్టిన కాలపు పాత కాలనీ. ఇరుకు సందులు, ఒకదాన్నొకటి ఆనుకున్న చిన్న ఇళ్లు, ఒక గోడ మీద శిలువ, పక్క గోడకు పసుపు బొట్లు. ఇంటింటి ముందూ ఫర్షీ రాళ్లు. మన దగ్గర కడప బండలు పరిచినట్టు ఇక్కడ ఈ ఫర్షీ పరుస్తారు. ఏ క్వారీ నుంచి ఎప్పుడు ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు.

పైడమ్మ గారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. భర్త కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసి, పోయారు. శ్రీకాకుళం వదిలి ఎన్నాళ్లయినా మాట మాత్రం నిన్న బండి దిగినట్టే ఉంది.

"మీరేనేటి పేపరోల్లు? కూకోండి. ఈ రాయి కోసం అంత దూరం నుంచొచ్చారా? మా మరిది రాజాంలో ఉన్నాడు, నన్ను సూడ్డానికి రాడు."

రాయి చూశాను. పొడిగా ఉన్నప్పుడు మామూలు బూడిదరంగు బండ. మీద ఆ పొద్దున వేసిన ముగ్గు. చుక్కలు లేవు. ఒకదాని చుట్టూ ఒకటిగా గుండ్రటి గీతలు. ఎదురింటి ఛత్తీస్‌గఢీ వాళ్ల ముంగిట్లో బియ్యప్పిండితో నలుచదరపు చౌక్ ఉంది, పక్కింట్లో చుక్కల ముగ్గు ఉంది. ఈ ఇంటి ముందే ఇలా ఎందుకని అడిగాను.

"మాయత్త నేర్పింది. తడిపితే రాయే గీత సూపిత్తాది, దాని మీదే పిండి పొయ్యి అనీది. రాయెటు తిరిగితే నానూ అటే తిప్పుతాను. సుక్కలు పెట్టక్కర్లేదు, లెక్క తప్పదు."

నా వెనకున్న రోహిణి ముందుకొచ్చి రాయి మీదికి వంగింది.

నేను ఫోన్లో రోహిణి వీడియోలోని రాయి ఫొటో తెరిచి పైడమ్మ గారికి చూపించాను. అలవాటు ప్రశ్నే. ఇందులో ఉన్నదంతా రాయేనా?

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరగా చూశారు. బయటి వలయం మీద గోరు పెట్టారు.

"ఇదుందే, ఇది నాది. అటేపు మూల బోసిగా ఉందని నానే ఏసీసినాను. రోజూ ఏస్తే పిండి దిగిపోద్ది గదా, కడిగినా పోదు. లోపలియన్నీ రాయియే. మరేటి, తప్పా?"

తప్పు ఆవిడది కాదు. రోహిణి తెల్లారి, ముగ్గు కడిగాక, రాయి తడిగా ఉన్నప్పుడు ఫొటో తీసింది. వీడియోలో గట్టిగా చెప్పింది కూడా, ఈ ఫొటోలో ఏమీ కలపలేదు అని. కలిసే ఉంది. ఏళ్ల తరబడి, చిటికెడు చిటికెడుగా, వలయాల గాడుల్లో ముగ్గు పిండి దిగి ఉంది. రాయి అంత తెల్లగా, అంత అందంగా రావడానికి అది కూడా కారణం.

రోహిణి మెట్టు మీద కూలబడింది. "వాళ్లే కరెక్టా ఆంటీ? నేను అబద్ధం చెప్పానా?"

"పొరపాటు చెప్పావు. మేమైతే సవరణ వేసేవాళ్లం. ఎక్కడో లోపలి పేజీ మూలన, ఎవరికీ కనపడకుండా."

"నేను అలా వేయను," అంది. అక్కడే ఫోన్ తీసి, వీడియో మొదటి భాగంలోని సముద్రం కోసేసింది. పెద్ద అక్షరాలతో రాసింది. బయటి వలయం ముగ్గు కావచ్చు, లోపలి వలయాల గాడుల్లోనూ ముగ్గు పిండి ఉంది, ఏమీ కలపలేదని నేనన్నది తప్పు. నిమిషంలో మొదటి జవాబు వచ్చింది. మేం ముందే చెప్పాం కదా.

అప్పటికి సందులో జనం చేరారు. విక్టర్ గారు కూడా వచ్చారు. పొడుగాటి మనిషి, చొక్కా బొత్తాలన్నీ పెట్టుకున్నారు.

"ఏమ్మా రాళ్ల డాక్టరమ్మా, మీ సముద్రం ముగ్గులో కలిసిపోయిందట?"

"చీతా దొరికిందా అంకుల్?" అని గుంపులోంచి ఎవరో అన్నారు. ఆయన అటు తిరగలేదు.

రోహిణి సంచిలోంచి చిన్న సీసా తీసింది. నీళ్లు కలిపిన ఆమ్లం. సున్నపురాయి మీద పడితే పొంగుతుంది. ముగ్గు లేనిచోట చుక్క వేసింది. బుస్సుమని నురగ వచ్చింది. జనం ముందుకు వంగారు. విక్టర్ గారు పైడమ్మ గారి ముగ్గు డబ్బాలోంచి చిటికెడు తీసి పక్కన పోశారు.

"దీని మీద కూడా వెయ్యండి."

వేసింది. అదీ బుస్సుమంది. ఆ ముగ్గు పిండి చేసేది కూడా ఇదే సున్నపురాయి పొడితో మరి. సందంతా గొల్లుమంది. రోహిణికి కూడా నవ్వు ఆగలేదు.

"రాయి పొంగింది, ముగ్గు పొంగింది. రేపు నా మీద వేసినా పొంగుతాది. దీనివల్ల ఏం తేలిందమ్మా?" అన్నారు విక్టర్ గారు. కాని ఈసారి ఆ గొంతులో వెక్కిరింపు తగ్గింది. రాయి చుట్టూ ఒకసారి తిరిగారు.

"చూడండి. నేను బండి ఆఖర్న వేన్‌లో కూర్చుని పనిచేసినవాణ్ణి. ముందు డ్రైవరు చూస్తాడు, వెనకనుంచి గార్డు చూస్తాడు. ఇద్దరూ జెండా ఊపితేనే బండి కదుల్తాది. మీరు చూపించేదంతా ముందువైపే. ఆ చిరుతని కూడా నేను ముందునుంచే చూశాను." ఆగారు. ఎవరూ నవ్వలేదు. "ముగ్గు పైనే వేస్తారు. రాయి అడుగున ఎవరూ వెయ్యరు. తిరగెయ్యండి. అడుగున కూడా వలయాలుంటే పచ్చజెండా నేనే ఊపుతాను."

రోహిణి కళ్లు మెరిశాయి. దిబ్బ పైకి పెరిగింది కాబట్టి పొరలు రాయి మందమంతా ఉండాలి, అడుగున తప్పకుండా కనిపించాలి. ఇన్ని రోజులూ ఇది నాకెందుకు తోచలేదు అని తల కొట్టుకుంది.

అందరూ పైడమ్మ గారి వంక చూశారు. ఆవిడ ఈనెలు తీయడం ఆపారు.

"పగిలిపోతేనో?"

 పాత రాయి, ఎక్కడ బీట ఉందో తెలియదు.

"నాను ఈ ఇంటికొచ్చిన కాడినుంచీ పొద్దున్న లేస్తే దీని మొగమే సూత్తన్నాను. మా ఆయన్ని కూడా అంత సూడలేదు." చిక్కుడుకాయలు గిన్నెలోకి దులిపారు. "తిప్పకపోతే సోమారం ఆల్లెలాగూ పగలగొడతారు. పగిల్తే మన సేతుల్లో పగలనీ. ఆదివారం మీ చర్చి అయ్యాక రండి యిట్టరు బాబూ. మెల్లగా ఎత్తండి, నాను దగ్గరుంటాను."

ఉల్టా

ఆదివారం సంగతి మొదట్లోనే చెప్పాను. రాయి పగల్లేదు. నీళ్లు పోశారు, వలయాలు తేలాయి. కాని అంతటితో అయిపోలేదు.

అందరూ అడుగువైపు ఎగబడి చూస్తుంటే రోహిణి మాత్రం రాయి అంచు దగ్గరికి వెళ్లింది. అంతవరకూ నేలలో కూరుకున్న ఆ అంచును తడిపి, చున్నీతో తుడిచి, ఒక్కసారిగా "ఉల్టా!" అని కేకేసింది. "అరే, ఉల్టా హై! విక్టర్ అంకుల్, ఇటు రండి!"

బెత్తెడు మందంలో సన్నటి గీతలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. అవి దిబ్బ పొరలు. సముద్రంలో పెరిగినప్పుడు బోర్లించిన గిన్నెల్లా ఉండాల్సినవి. రాయి ఇంతకాలం పడుకున్న తీరులో చూస్తే అవన్నీ వెల్లకిలా పెట్టిన గిన్నెల్లా ఉన్నాయి. ఎప్పుడో ఈ రాయిని పరిచినవాళ్లు తలకిందులుగా పరిచారు.

పైడమ్మ గారికి ఇది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"అయితే యిన్నాల్లూ నాను దాని యీపు మీద ముగ్గేసినానేటి?"

నవ్వీ నవ్వీ సందులో వాళ్లు గోడలకు ఆనుకున్నారు. సూర్యం కళ్లు తుడుచుకుంటూ, "బకెట్ అడుగు కంటే నయమే కదా పైడమ్మ గారూ," అన్నాడు. నా పరువు అక్కడ కూడా దక్కలేదు.

విక్టర్ గారు మాత్రం అంచు మీది గీతలను గోటితో ఒక్కొక్కటిగా తడుముతున్నారు. జేబులోంచి ఫోన్ తీసి వార్డు సూపర్‌వైజరుకు కలిపారు. స్పీకరు పెట్టారు.

"హలో. విక్టర్ బోల్ రహా హూఁ. హాఁ, వహీ, చీతా వాలా." ఆ వెక్కిరింపు పేరు ఆయనే తన నోట చెప్పారు. "ఆ రాయి నిజమే. ఈసారి వెనకనుంచి కూడా చూశాను. మొత్తం సందు పక్షాన చెప్తున్నాను, దాన్ని పగలగొట్టకండి."

అవతల సూపర్‌వైజరు గొంతు పలికింది. "పైవాళ్లని అడిగి చెప్తాను అంకుల్," అంది.

ఆ తరువాత పెద్ద గొడవే జరిగింది. రాయిని మళ్లీ ఎలా పడుకోబెట్టాలి? సముద్రంలో ఉన్నట్టు పెట్టాలని రోహిణి. తనకు అలవాటైన వైపే పైకుండాలని పైడమ్మ గారు. ఆవిడ వేసిన బయటి గీతను కొబ్బరిపీచుతో రుద్దితే సగం పోయింది, సగం పోలేదు. ఆ సగం రాయిదో పిండిదో తేలాలంటే చిన్న పెచ్చు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలంది రోహిణి. పెచ్చు కాదు, పొట్టు కూడా ఇవ్వనన్నారు పైడమ్మ గారు. మాట తెగక, రాయిని గోడకు ఆనించి నిలబెట్టారు. రెండు వైపులా చూడొచ్చు కదా అన్నారు విక్టర్ గారు.

రాయి లేచిన వీడియోను రోహిణి ఎక్కడా పెట్టలేదు. సూర్యం ఆగలేక మా బంధువుల గ్రూపులో పెట్టాడు. "ఏఐ చాలా బాగా చేసింది," అని మా తమ్ముడు విశాఖ నుంచి బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపాడు. అందులో నేను ఎగరడం కూడా ఉంది. ఇప్పుడు రాయి చూస్తామని వచ్చినవాళ్లకు పైడమ్మ గారు ఏమీ చెప్పరట. చెంబు చేతికిచ్చి, మీరే పోసుకు సూడండి అంటారట. రోహిణి కాలేజీ పిల్లల్ని కూడా బ్యాచ్‌లుగా అక్కడికే పంపుతోంది. పోసిన ప్రతివాళ్లూ రెండో వైపుకు కూడా వెళ్లి పోస్తున్నారని చెప్పింది.

నిన్న సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. కాలువ తవ్వకం విక్టర్ గారి ఇంటి దాకా వచ్చింది. ఆ తరువాతది పైడమ్మ గారి ఇల్లు. రాయి గోడకు ఆనించే ఉంది. ముగ్గు, రాయి లేచిపోయిన చోట మట్టి మీద పడుతోంది. రాయిని ఉంచాలో పగలగొట్టాలో వార్డు ఆఫీసు నుంచి మాట ఇంకా రాలేదు.